ఆశకు గడువు: అమెరికన్ బేస్‌బాల్‌లో నడిసీజను మార్పిళ్ల చరిత్ర

అమెరికన్ వృత్తి బేస్‌బాల్ సీజను వసంతంలో మొదలై సెప్టెంబరు చివరిదాకా సాగుతుంది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఒక్కో జట్టు సాధారణంగా 154 ఆటలు ఆడేది, 1960ల ఆరంభం నుంచి ఆ సంఖ్య 162 అయింది. దాదాపు ప్రతిరోజూ ఆడవలసి రావడంతో ఏ జట్టూ మొదట ఉన్న రూపంలో చివరిదాకా మిగలదు. వేసవి నడుమకు వచ్చేసరికి కొందరు గాయపడి ఉంటారు, కొందరి ఆటలో పదును తగ్గి ఉంటుంది, ఏప్రిల్‌లో ఎవరికీ తెలియని యువకుడొకడు స్థానం సంపాదించుకుని ఉంటాడు, పట్టికలో జట్టు నిలిచిన చోటు దాని అసలు బలాన్ని కొంతవరకు చెప్పడం మొదలుపెడుతుంది. ఆ దశలో ప్రతి యాజమాన్యమూ తన జట్టుకు ఈ ఏడాది ఆశ ఉన్నదా లేదా అని తేల్చుకోవాలి. ఉన్నదనుకున్న జట్టు తన దగ్గర శిక్షణలో ఉన్న కుర్రవాళ్లను ఇచ్చి ఇతర జట్ల నుంచి అనుభవజ్ఞులను తెచ్చుకుంటుంది. లేదనుకున్న జట్టు తన అనుభవజ్ఞులను ఇచ్చి కుర్రవాళ్లను తీసుకుంటుంది. మొదటివారిని కొనేవారనీ రెండోవారిని అమ్మేవారనీ ఆ ఆట పరిభాషలో పిలుస్తారు. ఈ తేల్చుకోవడానికి నియమావళిలో ఒక తేదీ ఉంది, దాని పేరు మార్పిడి గడువు. ధనిక జట్ల దూకుడును అదుపు చేయడానికి పుట్టిన ఈ గడువు, వందేళ్లలో ప్రతి జట్టూ తన ఆశను గురించి బహిరంగంగా ప్రకటన చేయవలసిన రోజుగా మారిపోయింది.

ఈ గడువు ఎందుకు అవసరమయిందో తెలియాలంటే తొలి రోజుల పోటీ ఎంత కఠినంగా ఉండేదో గమనించాలి. 1876లో ఏర్పడిన నేషనల్ లీగులోనూ, 1901 నుంచి దానికి సమానస్థాయి పొందిన అమెరికన్ లీగులోనూ ఎనిమిదేసి జట్లు ఉండేవి. లీగులో మొదటి స్థానం పొందిన జట్టుకు పెనెంట్ అనే విజయపతాక దక్కేది, ఆ రెండు పతాకల జట్లు మాత్రమే 1903లో మొదలైన వరల్డ్ సిరీస్‌లో తలపడేవి. రెండో స్థానంలో నిలిచిన జట్టుకు మరో అవకాశం ఉండేది కాదు. ముందున్న జట్టుకూ వెనుకనున్న జట్టుకూ మధ్య దూరాన్ని ‘ఆటలు వెనుక’ అనే లెక్కలో చెబుతారు: గెలుపుల తేడానూ ఓటముల తేడానూ కలిపి సగం చేస్తే వచ్చే సంఖ్య అది. 1914 జులై 4 నాడు బోస్టన్ బ్రేవ్స్ పదిహేను ఆటలు వెనుకబడి అట్టడుగున ఉండి కూడా చివరికి పెనెంట్ గెలిచి, వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను ఒక్క ఆటైనా ఇవ్వకుండా ఓడించింది. నడిసీజనులో ఆశ వదులుకోరాదన్న వాదానికి ఆ ఏడాది నేటికీ నిదర్శనంగా నిలిచి ఉంది.

గడువుకు మూలమైన వివాదం న్యూయార్క్, బోస్టన్, సెయింట్ లూయిస్ నగరాల మధ్య 1922లో రేగింది. బోస్టన్ రెడ్ సాక్స్ యజమాని హ్యారీ ఫ్రేజీ అప్పటికే కొన్నేళ్లుగా తన మేటి ఆటగాళ్లను న్యూయార్క్ యాంకీస్‌కు పంపుతూ వచ్చాడు. 1919 నడిసీజనులో, జట్టును విడిచి వెళ్లిపోయిన కార్ల్ మేస్ అనే పిచర్‌ను, అంటే బ్యాటరుకు బంతి విసిరే ఆటగాణ్ని, ఫ్రేజీ అమ్మినప్పుడు అమెరికన్ లీగు అధ్యక్షుడు బ్యాన్ జాన్సన్ అడ్డుపడగా యాంకీస్ న్యాయస్థానానికి వెళ్లి నెగ్గింది. ఆ ఏడాది చివర బేబ్ రూత్ కూడా అదే దారి పట్టాడు. 1922 వేసవిలో యాంకీస్, సెయింట్ లూయిస్ బ్రౌన్స్ పెనెంట్ కోసం హోరాహోరీగా పోరాడుతుండగా, జులై 23న రెడ్ సాక్స్ తన మూడో బేస్ ఆటగాడు జో డూగన్‌ను, ఎల్మర్ స్మిత్‌తో కలిపి, యాంకీస్‌కు ఇచ్చివేసింది. వారం తిరిగేలోగా నేషనల్ లీగులో న్యూయార్క్ జెయింట్స్ లక్ష డాలర్ల నగదూ మరికొందరు ఆటగాళ్లూ ఇచ్చి బోస్టన్ బ్రేవ్స్ నుంచి హ్యూ మెక్విలన్ అనే పిచర్‌ను తెచ్చుకుంది. సెయింట్ లూయిస్‌కు చెందిన రెండు జట్లూ తమ తమ లీగుల్లో పోటీలో ఉండడం వల్ల ఆ నగరంలో ఆగ్రహం తీవ్రంగా పెల్లుబికింది.

ఆ ఏడాది యాంకీస్ 94 ఆటలు, బ్రౌన్స్ 93 ఆటలు గెలిచాయి. బ్రౌన్స్ మొదటి బేస్ ఆటగాడు జార్జ్ సిస్లర్ ఆ సీజనులో .420 సగటుతో బ్యాటింగు చేశాడు, అంటే వెయ్యి అవకాశాలకు 420 హిట్ల చొప్పున సాధించాడు; ఆధునిక యుగంలో అంతటి సగటు అత్యంత అరుదు. అయినా ఒక్క ఆట తేడాతో పతాక చేజారింది, ఆ జట్టుకు తొలి పెనెంట్ దక్కడానికి 1944 వరకు ఆగవలసి వచ్చింది. డూగన్ రాకపోయి ఉంటే ఫలితం తారుమారయ్యేదని నిరూపించడం ఎవరికీ సాధ్యం కాదు. కానీ నాలుగు నెలల శ్రమతో సంపాదించిన ఆధిక్యాన్ని ఒక చెక్కు మీది సంతకం తుడిచివేయగలదన్న భయం సమంజసమైనదే. పైగా ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో తలపడినవి నడిసీజనులో కొనుగోళ్లు చేసిన ఆ రెండు న్యూయార్క్ జట్లే. 1919 వరల్డ్ సిరీస్ కుమ్మక్కు కుంభకోణం తరువాత ఆట మీద నమ్మకం నిలబెట్టడానికి తొలి కమిషనర్‌గా నియమితుడైన న్యాయమూర్తి కెనెసా మౌంటెన్ లాండిస్ హయాంలో, 1923 నుంచి జూన్ 15 గడువు అమలులోకి వచ్చింది. సీజనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ గడిచిన ఆ తేదీ తరువాత జట్లు ఆటగాళ్లను స్వేచ్ఛగా మార్చుకోరాదన్నది నియమం. 1985 దాకా, అరవై ఏళ్లకు పైగా, అదే తేదీ నిలిచింది.

ఈ ఏర్పాటులో ఆటగాడి ఇష్టానికి చోటు లేకపోవడం గమనించవలసిన సంగతి. ఒప్పందంలోని ‘రిజర్వ్’ నిబంధన ప్రకారం ఒప్పంద కాలం ముగిసిన ఆటగాడి మీద కూడా అదే జట్టుకు హక్కు కొనసాగేది. అతడు ఆ జట్టుకు ఆడాలి, లేదా అది పంపిన చోటికి వెళ్లాలి, లేదా వృత్తినే మానుకోవాలి. గడువు యజమానుల మధ్య న్యాయాన్ని చూసిందే గాని, భార్యాబిడ్డలతో ఒక ఊళ్లో కాపురమున్న మనిషి రాత్రికి రాత్రి మరో ఊరికి సామాను సర్దుకోవలసి రావడాన్ని పట్టించుకోలేదు.

జూన్ 15 తరువాత దారులన్నీ మూసుకుపోయాయని కూడా చెప్పలేము. సొంత చిన్న లీగు జట్ల నుంచి యువకులను పిలిపించుకోవడానికి అడ్డు ఉండేది కాదు. పెద్ద జట్లకు ఆటగాళ్లను తయారుచేసి అందించే కింది స్థాయి పోటీలను చిన్న లీగులంటారు. వాటి జట్లను సొంతం చేసుకుని వరుసగా పేర్చే పద్ధతిని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ పెంచి పెద్ద చేశాడు. డబ్బున్న జట్టుతో బజారులో పోటీపడలేని జట్టు తన ఆటగాళ్లను తానే పెంచుకోవాలన్నది అతని ఆలోచన. 1951 మే నెలలో న్యూయార్క్ జెయింట్స్ మినియాపొలిస్ నుంచి పిలిపించుకున్న విల్లీ మేస్ అక్కడ .477 సగటుతో ఆడుతున్నాడు. ఆ ఆగస్టులో బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు పదమూడున్నర ఆటల దూరంలో ఉన్న జెయింట్స్ చివరికి వారిని అందుకుని పెనెంట్ గెలిచింది. నడిసీజను నిర్ణయాల్లో అన్నిటికన్నా ఫలవంతమైనవి కొన్ని ఇలా పైసా ఖర్చు లేకుండా జరిగినవే.

మరో దారి వేవర్స్. గడువు దాటాక ఒక ఆటగాణ్ని వదులుకోదలచిన జట్టు ముందుగా అతని పేరును ఇతర జట్లన్నిటి ముందూ పెట్టాలి, పట్టికలో అడుగున ఉన్న జట్టుకు మొదటి హక్కు ఉంటుంది, ఎవరూ కోరకపోతేనే అతణ్ని నచ్చిన జట్టుకు పంపవచ్చు. నియమం ఉద్దేశం మంచిదే అయినా, వయసు మీరిన, ఎక్కువ జీతమున్న ఆటగాళ్లను పేద జట్లు కోరేవి కావు కనుక వాళ్లు తరచుగా ధనిక జట్ల చేతికే వెళ్లేవారు. యాంకీస్ 1949 ఆగస్టులో జానీ మైజ్‌ను, 1951 ఆగస్టు చివర జానీ సేన్‌ను అలాగే తెచ్చుకుని ఆ రెండేళ్లూ వరల్డ్ సిరీస్ గెలిచింది. సేన్ కోసం యాంకీస్ బోస్టన్ బ్రేవ్స్‌కు 50 వేల డాలర్లతో పాటు లూ బర్డెట్ అనే యువ పిచర్‌ను ఇచ్చింది. ఆ బ్రేవ్స్ తరువాత మిల్వాకీకి తరలిపోయింది. 1957 వరల్డ్ సిరీస్‌లో బర్డెట్ అదే యాంకీస్‌ను మూడుసార్లు ఓడించి మిల్వాకీకి విజయం తెచ్చిపెట్టాడు. ఒక్క నెల అవసరానికి చెల్లించిన వెల ఆరేళ్ల తరువాత బయటపడవచ్చునని జట్ల యాజమాన్యాలు నేర్చుకోవలసిన పాఠం అది, కానీ తరతరానికీ మళ్లీ మళ్లీ నేర్చుకోవలసే వచ్చింది.

జూన్ 15 యుగంలో అత్యంత ప్రసిద్ధమైన మార్పిడి 1964లో, సరిగ్గా ఆ తేదీనే జరిగింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అప్పటికి గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ. జనరల్ మేనేజర్ బింగ్ డివైన్, అంటే ఆటగాళ్ల ఎంపికకూ మార్పిళ్లకూ బాధ్యుడైన అధికారి, 1963లో 18 విజయాలు సాధించిన పిచర్ ఎర్నీ బ్రోలియోను, మరి ఇద్దరితో కలిపి షికాగో కబ్స్‌కు ఇచ్చి, అక్కడ .251 సగటుతో ఆడుతున్న లూ బ్రాక్ అనే యువకుణ్ని ప్రధానంగా తీసుకున్నాడు. బ్రాక్‌ను సదరన్ యూనివర్సిటీలో గుర్తించి కబ్స్‌కు తెచ్చినవాడు, నల్లజాతి లీగుల్లో ఆడి పేరు పొందిన బక్ ఓనీల్. అందరి దృష్టిలో ఈ బేరంలో లాభం కబ్స్‌దే. అయితే కార్డినల్స్ బ్రాక్‌కు ఇష్టమున్నప్పుడల్లా పరుగెత్తే స్వేచ్ఛ ఇచ్చింది. మిగిలిన సీజనులో అతడు .348 సగటుతో ఆడి 33 బేసులు దొంగిలించాడు, అంటే పిచర్ ఏమరుపాటును కనిపెట్టి బ్యాటుకు బంతి తగలకుండానే తరువాతి బేసుకు పరుగుతీశాడు.

అప్పటికీ జట్టు పైకి రావడం ఆలస్యమైంది. ఓపిక నశించిన యజమాని ఆగస్టులో డివైన్‌ను తొలగించాడు. ఆ తరువాత, పన్నెండు ఆటలు మాత్రమే మిగిలి ఉండగా ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉన్న ఫిలడెల్ఫియా ఫిలీస్ వరుసగా పది ఆటలు ఓడిపోయింది. కార్డినల్స్ చివరి రోజున ఒక్క ఆట తేడాతో పెనెంట్ గెలిచి, వరల్డ్ సిరీస్‌లో యాంకీస్‌ను ఏడు ఆటల్లో ఓడించింది. చేతి గాయంతో బాధపడిన బ్రోలియో కబ్స్ తరఫున మొత్తం మీద 7 గెలిచి 19 ఓడాడు. బ్రాక్ 938 దొంగ బేసులతో, మూడు వేలకు పైగా హిట్లతో 1985లో, ఆటలో మేటివారికి గౌరవస్థానమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డివైన్ నిర్ణయం సరైనదని తేలేసరికి అతడు ఉద్యోగంలో లేడు. జూన్‌లో చేసిన పనిని ఆగస్టులో తూచడం ఈ రంగంలో నాటి నుంచి నేటి దాకా జరుగుతున్న అన్యాయం.

అదే 1964 జట్టులో మధ్య మైదానంలో ఆడిన కర్ట్ ఫ్లడ్, 1969 చివర తనను ఫిలడెల్ఫియాకు మార్చినప్పుడు వెళ్లడానికి నిరాకరించి రిజర్వ్ నిబంధన మీద దావా వేశాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, అతని వృత్తిజీవితం అక్కడితో దాదాపు ముగిసింది. అయినా ఆ పోరాటం తెరిచిన తోవన మార్పులు వచ్చాయి. పెద్ద లీగుల్లో పదేళ్లు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టుకు ఆడినవాడు మార్పిడిని కాదనవచ్చునన్న నియమం 1973లో ఏర్పడింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో రిజర్వ్ నిబంధన కూలిపోయి, ఒప్పందం ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లగలిగే స్వేచ్ఛ లభించింది.

ఆ స్వేచ్ఛ నడిసీజను లెక్కలను తలకిందులు చేసింది. సీజను ముగిశాక ఎలాగూ వెళ్లిపోయే ఆటగాణ్ని ముందే అమ్ముకోవాలన్న తొందర అప్పుడే పుట్టింది. 1976 జూన్ 15న ఓక్లండ్ యజమాని చార్లీ ఫిన్లీ వైడా బ్లూను యాంకీస్‌కు 15 లక్షల డాలర్లకు, జో రూడీ, రోలీ ఫింగర్స్‌లను రెడ్ సాక్స్‌కు పది లక్షల చొప్పున అమ్మివేశాడు. మూడు రోజుల తరువాత కమిషనర్ బౌవీ కూన్ ఆట శ్రేయస్సు పేరిట ఆ అమ్మకాలను రద్దు చేశాడు, ఫిన్లీ కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. వరుసగా మూడేళ్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టును ముక్కలుగా అమ్మడం ప్రేక్షకులకు బాధ కలిగించిన మాట నిజమే. కాని ఫిన్లీకి ప్రతిఫలమేమీ దక్కకుండానే వాళ్లలో రూడీ, ఫింగర్స్ ఆ సీజను చివరనే వెళ్లిపోయారు. 1922 భయం కూన్ నిర్ణయంలో బతికే ఉంది, దాని చుట్టూ ఉన్న లోకం మాత్రం మారిపోయింది.

1986లో గడువు జులై 31కి జరిగింది. అంతకుముందే 1969లో ప్రతి లీగునూ రెండు విభాగాలు చేసి, విభాగ విజేతల మధ్య ప్లేఆఫ్ అనే అదనపు దశను చేర్చారు. 1994 నుంచి మూడేసి విభాగాలు, 1995 నుంచి వాటి విజేతలు కాని వారిలో మెరుగైన జట్టుకు వైల్డ్‌కార్డ్ అనే నాలుగో స్థానం అమలయ్యాయి. ఆశపడదగిన జట్ల సంఖ్య పెరిగే కొద్దీ తప్పుడు లెక్కల అవకాశమూ పెరిగింది. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ వేవర్స్ దారిన డోయల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకోగా అతడు 9 ఆటలు గెలిచి ఒక్కటీ ఓడలేదు, టైగర్స్ విభాగాన్ని గెలిచింది. బదులుగా అట్లాంటా బ్రేవ్స్‌కు వెళ్లిన ఇరవై ఏళ్ల జాన్ స్మోల్ట్జ్ 213 విజయాలతో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. దీన్ని చెడ్డ బేరమని తేలికగా తీసిపారేస్తారు గాని, అది అంత సబబు కాదు: ఆ తరువాత డెట్రాయిట్ ప్రజలు తమ జట్టును మళ్లీ ప్లేఆఫ్‌లో చూడడానికి 2006 దాకా ఎదురుచూశారు. చేతికందిన శరదృతువును వదులుకొమ్మని ఆ ఊరికి ఎవరు చెప్పగలరు?

వదులుకున్న జట్టు కథ 1997 షికాగో వైట్ సాక్స్‌ది. జులై 31 నాడు ఆ జట్టు తన విభాగంలో క్లీవ్‌లాండ్‌కు మూడున్నర ఆటలు మాత్రమే వెనుక ఉంది. కాలి గాయంతో నెలల తరబడి దూరమైన రాబిన్ వెంచురా వారం కిందటే తిరిగి వచ్చాడు, ఫ్రాంక్ థామస్ లీగులోకెల్లా మెరుగైన సగటుతో ఆడుతున్నాడు. అటువంటప్పుడు యాజమాన్యం విల్సన్ ఆల్వరెజ్, డానీ డార్విన్, రొబెర్టో హెర్నాండెజ్ అనే ముగ్గురు పిచర్లను శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు ఇచ్చి చిన్న లీగుల కుర్రవాళ్లు ఆరుగురిని తీసుకుంది. క్లీవ్‌లాండ్‌ను ఈ జట్టు అందుకుంటుందనుకోవడం పిచ్చితనమన్న అర్థంలో యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ మాట్లాడాడు. ఈ మార్పిడికి ‘తెల్లజెండా’ అనే పేరు స్థిరపడింది.

సీజను ముగిసేసరికి వైట్ సాక్స్ 80 గెలిచి 81 ఓడింది, క్లీవ్‌లాండ్ 86 విజయాలతోనే విభాగాన్ని గెలిచింది. ఆరుగురిలో కీత్ ఫోక్, బాబ్ హౌరీ ఆట చివరి ఇన్నింగ్సులను కాపాడే పిచర్లుగా ఎదిగారు, 2000లో వైట్ సాక్స్ 95 విజయాలతో విభాగాన్ని గెలిచింది. అంకెలను బట్టి చూస్తే రైన్స్‌డార్ఫ్ లెక్క తప్పలేదు. అయినా ఆ నిర్ణయం సమర్థనీయం కాదనే చెప్పాలి. 86 విజయాలతో చిక్కిన విభాగ విజయాన్ని ఆ ఏడాది అందుకోవడం అసాధ్యమేమీ కాదు. ఆగస్టు నాటి టికెట్టు కొన్న ప్రేక్షకుడికి మూడేళ్ల తరువాతి విజయం పరిహారం కాలేదు, వెంచురా కోలుకోవడానికి పడిన నెలల కష్టానికీ కాలేదు. ప్రయత్నించి ఓడడానికీ, ప్రయత్నం మానుకోవడానికీ మధ్య భేదాన్ని పట్టిక చూపదు, ఊరు మాత్రం మరచిపోదు.

ఆటగాళ్లు ఈ రోజులను ఎలా భరించారన్నది చరిత్రలో తక్కువగా నమోదైన విషయం. 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్‌కు ఆడి ఒక హిట్ కొట్టి, నడి ఆటలో మార్పిడి కబురు విని, అదే రాత్రి ఫిలడెల్ఫియాలో మాంట్రియాల్ ఎక్స్‌పోస్ తరఫున మరో హిట్ కొట్టాడు. 2015 జులై 29న, పదహారేళ్ల వయసులో మెట్స్ సంస్థలో చేరిన వెనెజువెలా యువకుడు విల్మర్ ఫ్లోరెస్, తనను మిల్వాకీకి ఇచ్చేశారన్న వార్త స్టేడియమంతా పాకిపోగా కన్నీళ్లు తుడుచుకుంటూనే మైదానంలో నిలిచాడు. ఆ మార్పిడి రద్దయింది. రెండు రోజుల తరువాత, గడువు రోజు రాత్రి, వాషింగ్టన్‌తో ఆటను పన్నెండో ఇన్నింగ్సులో హోమ్ రన్‌తో అతడే ముగించాడు. అదే రోజు మెట్స్ తెచ్చుకున్న యోనిస్ సెస్పెడెస్ మిగిలిన సీజనులో ఆడిన 57 ఆటల్లో 17 హోమ్ రన్లు కొట్టగా, జట్టు ఆ ఏడాది పెనెంట్ గెలిచింది. జట్టు జాబితా ఒక లెక్కల పుస్తకమని భావించేవారికి ఆ మూడు రోజులు మంచి సమాధానం.

2019లో ఆగస్టు నాటి వేవర్ మార్పిళ్లను ఎత్తివేసి గడువును ఒక్కటే చేశారు. 2021లో ప్రధాన ఆటగాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్ మోకాలి గాయంతో జులైలోనే దూరమైనా, గెలుపులకన్నా ఓటములే ఎక్కువగా ఉన్నా, అట్లాంటా బ్రేవ్స్ అమ్మేవారి వరుసలో చేరలేదు. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథొపోలస్ నాయకత్వంలో ఆ జట్టు జాక్ పీడర్సన్, ఆడం డువాల్, హోర్హే సొలేర్, ఎడీ రొసారియోలను కొద్దిపాటి వెలకే తెచ్చుకుంది. ప్లేఆఫ్ జట్లన్నిటిలోకీ తక్కువగా 88 విజయాలతో ముందుకు వచ్చిన బ్రేవ్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. నేషనల్ లీగు తుది పోరులో రొసారియో, వరల్డ్ సిరీస్‌లో సొలేర్ ఉత్తమ ఆటగాళ్లయ్యారు.

2022 నుంచి లీగుకు ఆరు చొప్పున పన్నెండు జట్లకు ప్లేఆఫ్ ప్రవేశం దొరకడంతో, సగానికి కాస్త పైన ఉన్న జట్టు కూడా జులై చివర తనను తాను పోటీదారుగానే భావించుకుంటున్నది. 2014 తరువాత ప్లేఆఫ్ చూడని లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్, 2023లో ఒప్పందం చివరి ఏడాదిలో ఉన్న షోహే ఒటానీని అమ్మకుండా ఉంచుకుని, తన ఇద్దరు మేటి కుర్రవాళ్లను ఇచ్చి లూకస్ జియోలిటో, రెనాల్డో లోపెజ్ అనే పిచర్లను తెచ్చుకుంది. ఆగస్టులో వరుస ఓటములు ఎదురై ఆశ ముగిసింది, ఒటానీ మోచేతి లిగమెంట్ చిరిగింది. నెలాఖరులో జీతాల భారం తగ్గించుకోవడానికి ఏంజెల్స్ ఆ ఇద్దరు పిచర్లతో సహా పలువురిని వేవర్స్‌లో పెట్టగా, ప్లేఆఫ్ అర్హతకు ఇంకా సమయం మిగిలి ఉండడంతో క్లీవ్‌లాండ్ జియోలిటో, లోపెజ్, మ్యాట్ మూర్‌లను మార్పిడిగా ఎవరినీ ఇవ్వకుండానే తీసుకుంది. ఏంజెల్స్ 73 గెలిచి 89 ఓడింది, డిసెంబరులో ఒటానీ 70 కోట్ల డాలర్ల ఒప్పందంతో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్లాడు. క్లీవ్‌లాండ్ కూడా ఆ ఏడాది ప్లేఆఫ్‌కు చేరలేదు.